పెట్రోల్ ముల్లు పడిపోతోందా? ఫ్లోట్ కొనేముందు ఈ మీటర్‌తో ఎర్త్ చూడండి

నమస్తే అండీ. కొరాపుట్ జిల్లా జైపూర్ నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు రివ్యూ ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్‌ది. డబ్బా మీద రాసింది చదివితే దాని సత్తా తెలియదు కాబట్టి, నేరుగా పనిలో పెట్టి చూపిస్తాను.

ఇది మా బావ బండి, శాన్ స్టార్మ్. గోవాలో తయారైన టూ సీటర్, 1998లో వచ్చింది. రెనో ఇంజిన్, 1149 సీసీ. బాడీ ఇనుప రేకు కాదు, ఫైబర్. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

సమస్య ఏంటంటే, ట్యాంక్ నిండా పెట్రోల్ ఉన్నా ముల్లు పావు దగ్గరే ఉంటోంది. ఒక్కోసారి పూర్తిగా కిందికి పడిపోతోంది. సునాబెడ, పొట్టంగి మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లేవాళ్లని అడగండి. రాత్రిపూట, వానలో, ఆ మలుపుల్లో ట్యాంక్‌లో ఎంతుందో తెలియకపోతే ఎంత టెన్షనో చెబుతారు.

చూపించిన ప్రతిచోటా ఒకటే మాట: "ఫ్లోట్ పోయింది, మార్చెయ్యండి." ఫ్లోట్ అంటే ట్యాంక్‌లో పెట్రోల్ మీద తేలుతూ, ఎంతుందో ముల్లుకి చెప్పే భాగం. ఇలాంటి పాత బండికి అది దొరకడమే గగనం. దొరికినా బోలెడు విప్పాలి. కాబట్టి తప్పు ఫ్లోట్‌దేనా అన్నది ముందు తేల్చుకుందాం.

"బావా, ఇగ్నిషన్ ఆన్ చెయ్. ఇప్పుడు బ్రేక్ తొక్కు."

ముల్లుని చూడండి. తొక్కగానే కిందికి జారింది. వదిలాడు, మెల్లగా పైకొస్తోంది. బ్రేక్‌కీ పెట్రోల్‌కీ ఏం సంబంధం? ఈ బండిలో ఫ్లోట్‌కీ వెనక లైట్లకీ ఎర్త్ వైరు, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ నెగెటివ్‌కి చేరే వైరు, ఒకటే. ఒకే సన్నటి పైపు మీద రెండు కుళాయిలు ఉన్నట్టు. ఇనుప బాడీ అయితే దగ్గర్లో బోల్టు బిగించి ఎర్త్ తీసుకోవచ్చు. ఫైబర్‌లో కరెంటు పారదు, ఆ వైరు తప్ప వేరే దారి లేదు. అయితే పాత బండ్ల వైరింగ్ మీద చాలా చేతులు పడి ఉంటాయి, మీ బండిలో వేరేగా ఉండొచ్చు.

ఇప్పుడు మీటర్. ముందు బీప్ మోడ్‌లో పెట్టాను. ఎర్త్ వైరు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. కుయ్‌మంది. "ఎర్త్ బాగుంది" అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు, నాకు బాధ కలిగేది అదే. బీప్ మోడ్‌లో మీటర్ పంపే కరెంటు చాలా చాలా తక్కువ. వైరులో ఒక్క పోగు మిగిలినా కూస్తుంది. ఎర్త్‌ని లోడ్ మీదే, అంటే లైట్లు వెలిగి కరెంటు పారుతున్నప్పుడే చూడాలండీ.

డీసీ వోల్టులకి తిప్పండి. నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్‌కి, ఎర్ర వైరు వెనక లైటు ఎర్త్‌కి. బావ మళ్లీ బ్రేక్ తొక్కాడు. ఒకటిన్నర వోల్టు! ఇక్కడ 0.2 దాటకూడదు. లెక్క సులువే: 21 వాట్ల బల్బులు రెండు వెలిగితే దాదాపు మూడున్నర ఆంపియర్లు. ఆ దారిలో అర ఓమ్ అడ్డుపడితే చాలు, ఇంత వోల్టేజీ అక్కడే ఆగిపోతుంది.

టేపు విప్పుతున్నాను, దగ్గరగా చూడండి. రింగు దగ్గర రాగి పచ్చగా మారిపోయింది. గోరుతో గీస్తే పొడి రాలుతోంది. మన కొండల తేమకి ఇన్నేళ్ల జాయింటు, మరి.

బ్యాటరీ కనెక్షన్ తీసేసి, మెరిసే రాగి కనబడేదాకా వైరు కోసి, కొత్త రింగు నొక్కి, బ్యాటరీ నెగెటివ్ దాకా ఇంకో మందపాటి వైరు లాగాం. ఇప్పుడు రీడింగ్ 0.06. బ్రేక్ తొక్కినా ముల్లు ఫుల్ దగ్గరే ఉంది.

మీకు ఎర్త్ బాగుండి కూడా ముల్లు సరిగ్గా చూపించకపోతే, ఫ్లోట్ సిగ్నల్ వైరు ఊడదీసి ఒక్క క్షణం ఎర్త్‌కి తాకించండి. ట్యాంక్ మూత తీసి ఉన్నప్పుడు గానీ, పెట్రోల్ వాసన వస్తున్నప్పుడు గానీ అస్సలు చెయ్యొద్దు. ఈ బండిలో ముల్లు ఫుల్‌కి వెళ్తుంది, కొన్ని బండ్లలో ఉల్టా. ముల్లు ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగితే గేజ్ (డాష్‌బోర్డులో ముల్లుండే డయల్), దాని వైరు బాగున్నట్టే, ఇక ఫ్లోట్ మీద అనుమానపడొచ్చు. టెంపరేచర్ ముల్లు కూడా తప్పు చూపిస్తుంటే మాత్రం రెండిటికీ కలిపి వచ్చే సప్లై చూడండి. పాత బ్రిటిష్ కార్లలో డాష్‌బోర్డు వెనక చిన్న వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది, అది పోతే రెండు ముళ్లూ కలిసే దారి తప్పుతాయి.

మీటర్ సంగతికొస్తే, రీడింగ్ నిలకడగా ఉంది, 0.01 వోల్టు దాకా చూపిస్తోంది. ఈ పనికి అది చాలు. వైర్లు మాత్రం పొట్టి. బ్యాటరీ నుంచి వెనక లైటు దాకా అందవు, విడిగా వైరు జోడించాల్సి వచ్చింది. క్లిప్పులు ఇవ్వలేదు, స్క్రీన్‌కి లైటు లేదు, డాష్‌బోర్డు కింద దూరితే అంకెలు కనబడవు. అయినా కొనమనే చెబుతాను, మొసలి క్లిప్పులు ఒక జత కూడా తీసుకోండి.

ఘాట్‌లో ముల్లు కాస్త అటూ ఇటూ ఊగితే కంగారుపడకండి. వాలులో పెట్రోల్ ఒక పక్కకి చేరితే ఫ్లోట్ కూడా దాంతోపాటే కదులుతుంది. చదునైన రోడ్డు మీదకి వచ్చాక చూపించేదే అసలు రీడింగ్.