ఇంజెక్షన్ సరే, మర్నాటి సంగతి ఎవరు చెప్తారు?

అందరికీ నమస్కారం. పిలిచినందుకు కార్యవర్గానికి కృతజ్ఞతలు. ఇక్కడ టెక్సస్‌లో హ్యాండ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పెద్దవాళ్లకి చేతి వ్యాయామాలు చెప్పమన్నారు. చెప్తాను. ముందు ఒక్క పని చెయ్యండి, అరచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టండి. పూర్తిగా ఆనిందా? ఉంగరం వేలో చిటికెన వేలో ముడుచుకుని, అరచేతిలో తాడులా గట్టిగా తగులుతుంటే అది డుప్యుట్రెన్ అనే జబ్బు కావచ్చు. చర్మం కిందుండే పొర దళసరెక్కి వేలిని లోపలికి లాగేస్తుంది. షుగరున్నవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది, అందుకే మన కూటంలో ఈ మాట ఎత్తాను.

దీనికి కొలాజినేజ్ ఇంజెక్షన్ ఉంది, ఆ తాడుని కరిగించి బలహీనపరిచే ఎంజైము అది, జియాఫ్లెక్స్ అంటారు. ఐరోపా మార్కెట్ నుంచి 2020లో తీసేశారు గానీ, అమెరికాలో 2010 నుంచీ ఉంది. మందు నేరుగా ఆ తాడులోకే ఎక్కిస్తారు. ఒకటి నుంచి మూడు రోజుల్లో మళ్లీ వెళ్తే మత్తిచ్చి వేలిని సాగదీస్తారు. తాడు టప్పున తెగుతుంది.

మా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన, కూతురింట్లో ఉంటారు. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టుకోలేకపోతున్నానని ఇంజెక్షన్‌కి ఒప్పుకున్నారు. మర్నాడు చెయ్యి వాచి, కమిలి నల్లబడింది. చంకలో బిళ్ల కట్టింది. చెయ్యి తీసేస్తారేమోనని ఇంటిల్లిపాదీ ఏడుస్తూ ఎమర్జెన్సీకి పరుగెత్తారు. ఈ మందుకి వాపు, కములు, నొప్పి, చంకలో గడ్డ మామూలే. సాగదీసేటప్పుడు చర్మం చిట్లడమూ ఉంటుంది. ఆ ముక్క ముందే చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. ఎవరూ చెప్పలేదు! ఆయన కూతురి మొహం తలుచుకుంటే నాకిప్పటికీ కోపమే.

అమ్మా, మీరే అడగండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పండి. ఒళ్లంతా దద్దుర్లొచ్చినా, ఊపిరాడకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. వాపు తగ్గాక కూడా వేలు మడవడం కుదరకపోతే డాక్టరుకి చూపించాలి. అరుదే గానీ, కండరాన్ని ఎముకకి కలిపే టెండన్ తెగే ప్రమాదముంది.

వ్యాయామాలకి వస్తున్నాను, ఇంకొక్కటి. రాత్రిళ్లు స్ప్లింట్, అంటే వేలిని తిన్నగా నిలిపి ఉంచే బద్ద! నాలుగు నెలల దాకా పెట్టుకోమంటారు. వేలు తిన్నగా అయిందిగా అని వారానికే అటకెక్కిస్తారు. అలా చెయ్యకండి బాబాయిగారూ. అరచేతి దగ్గరి కీలు బాగా సాగుతుంది, వేలి మధ్య కీలు అంతగా సాగదు. సరిచేసిన కీళ్లలో దాదాపు సగం అయిదేళ్లలో మళ్లీ వంగాయని తేలింది. అంటే వద్దని కాదు. ఆ అయిదేళ్లు తన అన్నం తాను కలుపుకుని తినగలగడం చిన్న విషయమా? తెలిసి ఒప్పుకోండి, అంతే.

సరే, చేతులు పైకెత్తండి. బల్ల మీద ఎవరి వేలు ఆనలేదో వాళ్లు ముందు వరసలోకి రండి, వ్యాయామాలయ్యాక చూస్తాను.