పాళ్లు చెప్పకుండా తులసి డ్రాప్స్ అమ్మేవాళ్లకి ఒక్కటే ప్రశ్న

సీసాలో ఏ నూనె ఎంత ఉందో ఆ పాళ్లు చెప్పండి. నేను అడిగేది అంతే. పోయిన వీడియోలో తులసి డ్రాప్స్ బాటిల్ చూపించి ఇది యాంటీబయాటిక్ కాదు అన్నానో లేదో, సగం మంది నన్ను ఆయుర్వేదానికి శత్రువుని చేసేశారు, మిగతా సగం మంది ఆకుల నూనెకి క్రిములు చావడం ఏంటి అదంతా సోది అన్నారు. ఇద్దరిదీ తప్పే. నూనెలు చంపుతాయండీ, లేబొరేటరీలో చూపించిన విషయమే అది. కానీ మీ చేతిలో ఉన్న ఆ బాటిల్ చంపుతుందా లేదా అంటే ఎవడూ చెప్పలేడు, ఎందుకంటే దాని మీద పాళ్లు లేవు!

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా చూడండి. చిన్న గాజు సీసా. ఇది కర్పూరం. ఇది పుదీనా పువ్వు, అంటే మెంథాల్, సూదుల్లా పొడుగ్గా ఉంది చూశారా. ఇది వాము పువ్వు, అంటే థైమాల్, ఘాటుకి ఇక్కడ కూర్చుంటేనే కళ్లు మండుతున్నాయి. మూడూ గట్టివే, మూడూ పొడివే, నీళ్ల చుక్క కూడా వెయ్యలేదు. మూత పెట్టి ఊపుతున్నా... అంచున తడి కనిపిస్తోందా? ఉండనివ్వండి, మళ్లీ వద్దాం. మా అమ్మమ్మ దీన్ని అమృతధార అనేది.

ఇప్పుడు నోరు పుక్కిలించే లిస్టరిన్ తీసుకోండి, 1879లో అమెరికాలో తయారైంది. అందులో పనిచేసేవి నాలుగు: థైమాల్, మెంథాల్, నీలగిరి తైలంలో ఉండే యూకలిప్టాల్, ఇంకోటి మిథైల్ సాలిసిలేట్, నొప్పుల ఆయింట్‌మెంట్ వాసన వస్తుందే అది. మన హైదరాబాద్ జిందా తిలిస్మాత్, 1920 నాటిది. నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు. ఎన్ని కలిశాయి? మూడు! సముద్రానికి అటు ఒకరు ఇటు ఒకరు, ఒకే మూడింటి దగ్గరికి వచ్చి ఆగారు. నా థియరీ ఏంటంటే పాతకాలం వాళ్లకి ఒంటరి నూనె మీద నమ్మకం లేదు, జోడీ మీదే నమ్మకం. వాళ్లదే కరెక్ట్.

ఎందుకో చెప్తా. థైమాల్ జిడ్డులో కరిగిపోయే రకం కదా, బ్యాక్టీరియా చుట్టూ ఉన్న పొరలోకి దూరి దాన్ని వదులు చేస్తుంది, లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది. వాము నూనెలోనే పారా-సైమీన్ అని ఇంకోటి ఉంటుంది, దానికి ఒంటరిగా పెద్ద బలం లేదు, కానీ పొరని ఉబ్బిస్తుంది. నెదర్లాండ్స్‌లో దీన్ని అన్నంలోనే పరీక్షించారు, మనం తినే అన్నం లాంటిదే, చల్లారిన అన్నాన్ని పాడుచేసే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా మీద. థైమాల్‌కి అన్నదమ్ముడి లాంటి కార్వక్రాల్‌కి ఈ సైమీన్ తోడైతే దెబ్బ పెరిగింది. ఒకడు తలుపు వదులు చేస్తాడు, ఇంకొకడు లోపలికి దూరతాడు. అందుకే పాళ్లు కావాలి అని మొత్తుకుంటున్నా!

దీనికి పద్ధతి కూడా ఉంది. ల్యాబ్‌లో 96 చిన్న గుంటలుండే ప్లేట్‌లో క్రిమిని పెట్టి అడ్డంగా ఒక నూనె నిలువుగా ఇంకో నూనె తగ్గించుకుంటూ వేసుకుపోతారు, విడిగా పట్టే మోతాదులో ఇదొక పావు అదొక పావు కలిపితేనే క్రిమి పెరగడం ఆగిపోతే అది అసలైన జోడీ. మరి మన దగ్గర చాలామంది ఏం చేస్తారు? కాగితం బిళ్లని నూనెలో ముంచి, క్రిములు పెరిగే జెల్లీ మీద పెట్టి, చుట్టూ ఎన్ని మిల్లీమీటర్లు ఖాళీ వచ్చిందో కొలిచి రీసెర్చ్ పేపర్ వేసేస్తారు. నూనె ఆ జెల్లీలో సరిగా పాకదండీ, ఆ మిల్లీమీటర్లు పట్టుకుని ఏం చెప్తారు?

ఇంకో మంట చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన వాము గింజలు ఓడలెక్కి జర్మనీ పోయేవి, థైమాల్ తీసేది అక్కడ. అప్పట్లో అది పేగుల్లో చేరే కొంకిపురుగుకి, అంటే హుక్‌వార్మ్‌కి మందు, అంత గిరాకీ. యుద్ధం వచ్చి ఆ దారి మూసుకుపోయాక గానీ ఇక్కడ తియ్యడం మీద దృష్టి పడలేదు. ఇప్పటికీ కర్నూలు యార్డుకి వాము బస్తాలు వస్తూనే ఉన్నాయి, రైతు దాన్ని వంటదినుసు రేటుకే అమ్ముకుంటున్నాడు. అమెరికాలో మాత్రం థైమాల్ 0.05 శాతం ఉన్న క్లీనర్‌ని కోవిడ్ వైరస్ మీద పనిచేసే వాటి లిస్టులో ప్రభుత్వమే పెట్టింది. సీసా మీద శాతం ఉంటుంది, ఎన్ని నిమిషాలు తడిగా ఉంచాలో కూడా ఉంటుంది. అదీ లేబుల్ అంటే!

మన తులసి డ్రాప్స్ మీద ఏముంది? పంచ తులసి, వంద శాతం ప్యూర్. ఏ తులసి బాబూ? ఒక రకంలో యూజినాల్ ఎక్కువ, లవంగం వాసన. ఇంకోదాంట్లో మిథైల్ చావికాల్, సోంపు వాసన. ఇంకోదాంట్లో లినలూల్. ఔషధ, సుగంధ మొక్కల మీద పనిచేసే ప్రభుత్వ సంస్థ, లక్నో సీమ్యాప్ వాళ్లు ఇలా నూనెని బట్టి వేరువేరు తులసి రకాలు విడుదల చేశారు, వాళ్ల సెంటర్ మన హైదరాబాద్ బోడుప్పల్‌లోనే ఉంది. తులసి అన్న ఒక్క మాట చెప్తే నాకు ఏమీ తెలీదు.

ఇంకోటి, దయచేసి వినండి, ప్లేట్‌లో చచ్చింది కదా అని తాగొద్దు. ప్లేట్‌లో క్రిమిని చంపే మోతాదు రక్తంలోకి రావాలంటే ముందు మన ఒళ్లు పాడవుతుంది. కర్పూరం, నీలగిరి తైలం మింగితే చిన్నపిల్లలకి ఫిట్స్ వస్తాయి. ఈ నూనెల చోటు నోరు పుక్కిలించడంలో, చర్మం మీద, నేల తుడిచే బకెట్‌లో. న్యుమోనియాకి డాక్టర్ రాసిన మందు ఆపి చుక్కలు వేసుకోమని చెప్పేవాడిని మాత్రం నేను వదలను.

సీసా చూడండి ఇప్పుడు. ఒక్క పలుకు లేదు, మొత్తం నీళ్లలా అయిపోయింది. విడివిడిగా గట్టిగా ఉన్నవి కలిస్తే కరిగాయి. పిల్లలున్న ఇల్లు, మూత బిగించి పై అరలో పెట్టేస్తున్నా. మీరు మీ ఇంట్లో ఉన్న బాటిల్ ఫోటో కామెంట్‌లో పెట్టండి, ముందు వైపు వద్దు, వెనక వైపు.