మన తేమకి తట్టుకునే పట్టాలు: మోడల్ రైల్వేకి ఏవి కొనాలి?

[దగ్గర షాట్: అరచేతిలో రెండు పట్టా ముక్కలు, పక్కన చిన్న అయస్కాంతం]

ఈ రెండు ముక్కలూ చూడండి. రెండూ తెల్లగా మెరుస్తున్నాయి, రెండిటి మీదా ఒకే ఇంజిన్ నడుస్తుంది. ఇప్పుడు అయస్కాంతం దగ్గరకి తెస్తాను. ఇదిగో, ఈ ముక్క టక్కున అతుక్కుంది. రెండోది కదల్లేదు. అతుక్కున్నది ఉక్కు, అతుక్కోనిది నికెల్ సిల్వర్. మన గోదావరి జిల్లాల్లో మోడల్ రైల్వే పెట్టుకునేవాళ్లు పట్టాల ధర అడిగే ముందు చేయాల్సిన పని ఇదేనండీ.

నమస్కారమండీ. అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. మా చిన్నప్పుడు ఇక్కడి నుంచి రైలు చూడాలంటే బస్సెక్కి రాజమండ్రి వెళ్లాల్సిందే. ఆ ఆశే ఇప్పుడు మా మేడ మీద గదిలో ప్లైవుడ్ మీదకి వచ్చింది. తక్కువ ఖర్చులో నమ్మకమైన పట్టాలు ఎలా ఎంచుకోవాలో ఇవాళ చెబుతాను.

[షాట్: గోధుమరంగు చుక్కలు పట్టిన పట్టా]

ఇది నా మొదటి సెట్‌లోది. ఇంజిన్, రెండు పెట్టెలు, గుండ్రంగా పట్టాలు అన్నీ ఒకే డబ్బాలో వచ్చాయి. వేసవంతా చక్కగా తిరిగింది. శ్రావణమాసం ముసురు పట్టాక ఒకరోజు మా మేనల్లుడు పిలిచాడు. "మావయ్యా, రైలు ఆగి ఆగి వెళ్తోంది, కింద నిప్పురవ్వలు వస్తున్నాయి!" "ఏదిరా, చూడనీ" అని వంగి చూశాను. పట్టా తలమీద ఆవగింజలంత తుప్పు చుక్కలు. గరుకు కాగితంతో రుద్దాను. రెండు రోజులు నడిచి, మళ్లీ అదే కథ. రుద్దినప్పుడు పడిన గీతల్లో మురికి చేరి ఇంకా తొందరగా నల్లబడింది. నష్టపోయింది ఆ పట్టాల డబ్బు ఒక్కటే కాదు, వాడి ఉత్సాహం కూడా.

మోడల్ రైలుకి కరెంటు పట్టాల్లోంచే అందుతుంది. చక్రానికీ పట్టాకీ మధ్య తగిలేది చాలా చిన్న చోటు. అక్కడ తుప్పు ఉంటే కరెంటు తెగుతుంది. ఇత్తడి పట్టాలు తుప్పు పట్టవు గానీ, వాటిమీద ఏర్పడే పొర కరెంటుని అడ్డుకుంటుంది. పాత సామానులో ఇవి దొరుకుతాయి. అయస్కాంతం వీటిని పట్టదు కాబట్టి రంగు చూడాలి: కోసిన చివర పసుపుగా ఉంటే ఇత్తడే. నికెల్ సిల్వర్ పేరులో వెండి ఉంది గానీ లోహంలో లేదండీ. రాగి, జింకు, నికెల్ కలిపిన మిశ్రమం అది. తుప్పు పట్టదు, మురికి పట్టినా గుడ్డతో తుడిస్తే పోతుంది. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో అయితే ఇక వేరే ఆలోచనే వద్దు.

ఒకే కంపెనీలో రెండు రకాలూ ఉంటాయి, అది గమనించండి. బాక్‌మన్ ఈ-జడ్ ట్రాక్‌లో నల్ల కంకర అడుగుతో వచ్చేది ఉక్కు, బూడిదరంగు అడుగుతో వచ్చేది నికెల్ సిల్వర్. ఫొటోలో రెండిటి పట్టాలూ ఒకేలా కనిపిస్తాయి, అడుగు రంగే తేడా. నల్లది చౌకగా ఉందని మోసపోకండి.

[షాట్: స్కేలు పక్కన పట్టా]

ఇక కొలతలు. ఎక్కువగా దొరికే మోడల్ సైజు హెచ్‌ఓ, అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం, అంటే గేజ్, 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క ప్రకారం 19 పైన రావాలి. కానీ అంగట్లో దొరికేది 16.5 మాత్రమే, మనవాళ్ల మోడళ్లు కూడా దానిమీదే నడుస్తాయి. ఆ తేడాని మనసులోంచి తీసేయండి. బ్రిటన్‌లో వాడే ఓఓ సైజు బొమ్మలు కూడా ఇదే గేజ్ మీద తిరుగుతాయి, కాబట్టి పీకో, హార్న్‌బీ, అట్లాస్ కంపెనీల్లో దేని హెచ్‌ఓ, ఓఓ పట్టాలు కొన్నా గేజ్ సరిపోతుంది.

పట్టా ఎత్తుని కోడ్ నంబరుతో చెబుతారు. కోడ్ 100 అంటే అంగుళంలో పదో వంతు, 2.54 మిల్లీమీటర్లు. కోడ్ 75 అంటే 1.9. మన రైల్వేలో మీటరుకి 60 కేజీలు తూగే పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే దాదాపు 2. అంటే చూపుకి కోడ్ 75 అసలుకి దగ్గర. అయినా మొదటిసారి వేసేవాళ్లకి నేను కోడ్ 100 చెబుతాను. చక్రం అంచు లోతుగా ఉండే పాత బొమ్మలు కూడా దానిమీద తడబడకుండా వెళ్తాయి. పట్టా పక్కవైపులకి తుప్పురంగు పెయింటు వేస్తే సన్నగా కనిపిస్తుంది. పైతలకి మాత్రం అంటనివ్వకండి.

[షాట్: పొడవాటి ఫ్లెక్స్ ట్రాక్‌ని మెల్లగా వంచుతున్న చేతులు]

డబ్బు నిజంగా మిగిలేది ఇక్కడండీ. ముక్కలు ముక్కలుగా అమ్మే పట్టాలకి బదులు ఫ్లెక్స్ ట్రాక్, అంటే కావలసినట్టు వంచుకునే పొడవాటి పట్టా, కొనండి. పీకో వాళ్లది ఒక్కోటి గజం పొడవు, 914 మిల్లీమీటర్లు. గజం దూరానికి 9 అంగుళాల ముక్కలు నాలుగు కావాలి, అంటే మధ్యలో మూడు అతుకులు. అతుకు ఉన్నచోటల్లా కరెంటు బలహీనపడే అవకాశం, పెట్టె పట్టాలు తప్పే అవకాశం. ఫ్లెక్స్‌లో ఆ మూడు అతుకులూ లేవు, మీటరు లెక్కన ధర కూడా తక్కువ పడుతుంది.

వంచేటప్పుడు జాగ్రత్త కావాలి. వంపులోనే రెండు ముక్కలు కలిపితే అతుకు దగ్గర కోణం పడుతుంది. తిన్నగా ఉన్నప్పుడే రెండూ కలిపి టంకం పెట్టి, ఆ తర్వాత వంచండి. లోపలి పట్టా చివర బయటికి పొడుచుకొస్తుంది. సన్న రంపంతో కోసి, చివర్ని ఆకురాయితో రుద్ది నున్నగా చేయండి. వేలి కొన తగిలించి చూడండి. మీ వేలికి గరుకు తగిలిందంటే చక్రానికీ తగులుతుంది. టంకానికి రోజిన్ ఉన్న తీగ వాడండి. ప్లంబర్ల యాసిడ్ వాడితే మన తేమలో అది లోహాన్ని తినేస్తుంది.

వంపు ఎంత ఉండాలి? ఇప్పటి ఎక్స్‌ప్రెస్ రైళ్లకి వేసే ఎల్‌హెచ్‌బీ పెట్టె 23.5 మీటర్లు, హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లు. పెట్టె పొడవుకి రెండున్నర రెట్ల వ్యాసార్ధం ఉంటే హాయిగా తిరుగుతుంది, అంటే 67 సెంటీమీటర్లు. ఎనిమిదడుగులు బై నాలుగడుగుల ప్లైవుడ్ మీద అంత వంపు పట్టదు. అక్కడ గూడ్స్ వ్యాగన్లు తిప్పుకోవచ్చు. లేదా గోడవెంట సన్నటి బల్ల వేసి, చివరి స్టేషన్ ఒకటి కట్టండి. మా ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కితే ఆవలి ఒడ్డున కోటిపల్లి. కాకినాడ నుంచి వచ్చే లైను అక్కడితో ఆగిపోతుంది. ఆ లైన్లో రైల్ బస్ తిరిగేది, ఒకటే పెట్టె. గట్టు మీద స్టేషను, కొబ్బరి చెట్లు, రేవు, రెండు మూడు గజాల పట్టా చాలు. నేను ఇప్పుడు కడుతున్నది అదే.

[షాట్: పాయింట్ బ్లేడు అటూ ఇటూ మారడం]

పట్టాల దగ్గర మిగిల్చింది పాయింట్ల మీద, అంటే రైలుని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మార్చే పట్టాల మీద, పెట్టండి. లైను మారే చోటే రైలు ఎక్కువగా తప్పుతుంది. పీకో పాయింట్‌లో చిన్న స్ప్రింగ్ ఉంటుంది. వేలితో తోస్తే టక్కుమని పడి అక్కడే నిలుస్తుంది, మోటారు ఖర్చు లేదు. వీటిలో రెండు రకాలు. ఇన్సుల్‌ఫ్రాగ్‌లో రెండు లైన్ల పట్టాలు కలిసే మధ్య ముక్క ప్లాస్టిక్, వైరింగ్ తేలిక. కానీ పొట్టి ఇంజిన్ నెమ్మదిగా వెళ్తుంటే అక్కడ ఆగిపోతుంది. ఎలక్ట్రోఫ్రాగ్‌లో అది లోహం, ఇంజిన్ ఆగదు, కాకపోతే దాని తర్వాత లోపలి రెండు పట్టాలకీ ప్లాస్టిక్ జాయినర్లు, అంటే పట్టాల చివర్లని కలిపే చిన్న తొడుగులు, పెట్టాలి. షంటింగ్, అంటే పెట్టెలని లైన్లు మార్చి అటూ ఇటూ తోయడం, చేద్దామనుకునేవాళ్లు రెండోదే తీసుకోండి. పాయింట్లు సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు బ్లేడు పక్క పట్టాకి పూర్తిగా ఆనుతోందో లేదో వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. జాయినర్లు మాత్రం ఎప్పుడూ కొత్త ప్యాకెటే కొనండి, వదులైనవి ఎంత నొక్కినా మళ్లీ వదులవుతాయి. కరెంటుని జాయినర్ మీద వదిలేయకుండా ప్రతి గజం ముక్కకీ విడిగా ఒక జత తీగలు టంకం పెడితే వానాకాలంలో ఇబ్బంది ఉండదు.

అడుగు బల్ల మెరైన్ ప్లై అయితే మేలు. ఎండీఎఫ్ నీరు పీల్చి ఉబ్బుతుంది, దాంతో పట్టా ఎగుడుదిగుడవుతుంది. ప్లైకి కూడా రెండువైపులా పెయింటు వేయండి. జనవరి తెల్లవారుజామున ఉన్న చలికీ మే నెల మధ్యాహ్నపు ఎండకీ మధ్య గజం పట్టా దాదాపు 0.3 మిల్లీమీటర్లు సాగుతుంది. చలికాలంలో వేస్తుంటే, టంకం పెట్టని అతుకుల దగ్గర విజిటింగ్ కార్డు పట్టేంత సందు వదలండి. వేసవిలో వేస్తే అంత అక్కర్లేదు.

తుడవడానికి మెత్తటి గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సెల్‌ఫోన్ రిపేరు షాపులవాళ్లు వాడేదే.

[షాట్: ఇంజిన్ ఐదు వ్యాగన్లని వెనక్కి తోసుకుంటూ పాయింట్ దాటుతోంది]

కంకర పోసి ఫెవికాల్ నీళ్లు చల్లేముందు ఈ పరీక్ష చేయండి. ఐదు వ్యాగన్లని వెనక్కి తోస్తూ, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా, పాయింట్ మీదుగా పంపండి. ముందుకి లాగినప్పుడు కనపడని తప్పు వెనక్కి తోసినప్పుడు కనపడుతుంది. పది సార్లు. ఒక్కసారి తప్పినా ఆ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, పట్టా ఊడదీసి సరిచేయండి. నాది ఈ వారం ఏడోసారికి రెండో అతుకు దగ్గర తప్పింది. సుద్ద గుర్తు ఇదిగో, ఇక్కడుంది. ఆకురాయి తీసుకుని దీని పని పడతాను.