"ఒట్టి అంబలే కదా" అనకండి

బరువు తగ్గడానికి కడుపు ఆపరేషనైన కొన్ని నెలలకి కడుపులో గడబిడ మొదలైందని నాకు ఫోన్ చేసేవాళ్లు ఒకే మాట అంటారు: "ఏమీ తినలేదండీ, ఒట్టి చోడంబలే (రాగిజావే) తాగాను." ఆ 'ఒట్టి' అన్న మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది.

(గ్లాసు చూపిస్తూ) ఇదిగో గ్లాసు. 30 గ్రాముల చోడిపిండిలో కార్బులు, అంటే పిండిపదార్థాలు, సుమారు 20 గ్రాములు, రెండు టీస్పూన్ల బెల్లంతో ఇంకో 9, మొత్తం 29. వంద గ్రాముల వండిన అన్నంలో ఉండేది కూడా ఇంచుమించు అంతే. అంకె ఒకటే అయినా అన్నాన్ని చేపముక్కతో నమిలి నమిలి తింటే అరగంట పడుతుంది, అంబలైతే నాలుగు గుక్కలు.

ఇక్కడే గేటు సంగతి చెప్పాలి. మన ఊళ్లో రైలు గేటు పడితే లారీలు, ఆటోలు, ఆవులు అన్నీ ఇవతలే ఆగి, గేటు ఎత్తాక ఒక్కొక్కటే బజార్లోకి వెళ్తాయి కదా, కడుపు కింది కొసన ఉండే పైలోరస్ అనే కండరం అచ్చం ఆ గేటే. నాకు చేసిన గ్యాస్ట్రిక్ బైపాస్‌లో 30 మిల్లీలీటర్లంత చిన్న సంచి మిగిల్చి, దాన్ని తిన్నగా చిన్నపేగుకి కలిపేశారు, అంటే గేటే లేని రోడ్డన్నమాట. స్లీవ్ అనే ఇంకో రకం ఆపరేషనైన వాళ్లకి గేటు ఉంటుంది గానీ, కడుపులో ముప్పాతిక వంతు పైగా తీసేస్తారు కాబట్టి దాని ముందు ఆగే చోటుండదు, వెనక నుంచి ఒకటే తోపు. వాళ్లకీ ఈ బాధ రావచ్చు.

తీపి ద్రవం అంత జోరుగా పేగులో పడితే, పల్చన చెయ్యడానికి ఒంట్లో నీరు అటు వస్తుంది. బజార్లోకి పది లారీలు ఒక్కసారే దూరితే సరుకు దించడానికి జనం ఇళ్లలోంచి ఉరికొచ్చినట్టు. అందుకే 10 నుంచి 30 నిమిషాల్లో గుండెదడ, చెమట, మెలిపెట్టే నొప్పి, విరేచనం. దీన్నే డంపింగ్ అంటారు. ఇచ్ఛాపురంలో మా వదిన ప్రేమగా బెల్లం అంబలి ఇచ్చిన రోజు, నేను నులకమంచం మీద తడిసి ముద్దై పడుంటే, పాపం ఆవిడ దిష్టి తగిలిందని ఉప్పు తిప్పింది. బెల్లం మంచిదే కదా అని వాదించకండి, పేగుకి బెల్లమైనా పంచదారైనా ఒకటే.

డంపింగ్‌లో రెండో రకం, తిన్న 1 నుంచి 3 గంటల తర్వాత వస్తుంది. ఇన్సులిన్ ఎక్కువగా ఊరి షుగర్ పడిపోయి చేతులు వణుకుతాయి, ఆకలి దంచేస్తుంది. అప్పుడు గుప్పెడు చాక్లెట్లు తింటే మళ్లీ అదే లారీల గొడవ. షుగర్ నిజంగా పడిపోతే కాస్త తీపి వేసుకుని, వెంటనే గుడ్డో పెరుగో తినాలి. తరచూ వస్తుంటే, లేదా షుగర్ మందులు వాడుతుంటే, డాక్టరుకే చెప్పండి.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. పఖాళని, అంటే నీళ్లలో నానబెట్టిన చద్దన్నాన్ని, నీళ్లతో సహా తూచకండి, వంపేసి తూచండి, లేకపోతే నీళ్లకీ కార్బులు రాసుకుంటారు. పచ్చి బియ్యం అంకె, అన్నం అంకె కలిపెయ్యకండి, వంద గ్రాముల బియ్యంలో 80 దాకా ఉంటుంది. ముందు ప్రోటీన్, తర్వాతే అన్నం, తిన్నాక అరగంట దాకా నీళ్లొద్దు. 'షుగర్ ఫ్రీ' స్వీట్లలో పంచదార బదులు వేసే మాల్టిటాల్ లాంటివి ఉంటే గ్యాసు, విరేచనాలు, నన్నడిగితే డబ్బు దండగ. బైపాస్ తర్వాత కొందరికి పాలు పడవు, పెరుగు పడుతుంది.

ఇక అందరూ అడిగే ఛెనాపోడ, అదే పాలవిరుగుడు (ఛెనా) కాల్చి చేసే ఒడియా స్వీటు. ఛెనాలో ప్రోటీన్ ఉన్నమాట నిజమే, దాంతోపాటు పంచదారా ఉంది. నేనైతే భోజనం చివర్న, అంచు మాడిన ముక్క, బొటనవేలంత. అదీ వదిన చూడకుండా, చూస్తే ఇంకో ముక్క వేసేస్తుంది.