నల్లిబిక్విటస్: ఎక్కడలేని మాట

సభకు నమస్కారం. ఈ పూట నేను ఎంచుకున్న ఇంగ్లీషు మాట నల్లిబిక్విటస్. ముందు వరుసలో అప్పుడే నవ్వుతున్నారు. మొదటిసారి విన్నప్పుడు నాకూ మంచంలో నల్లే గుర్తొచ్చింది. ఆ పోలిక మరీ తప్పు కాదు. రాత్రంతా కుడుతుంది, దీపం వేసి పరుపు తిరగేస్తే ఎక్కడా ఉండదు. ఈ మాటకు అర్థం కూడా అదే: ఎక్కడా ఉండనిది. అర్థానికి తగ్గట్టే చిన్న నిఘంటువుల్లో వెతికితే దొరకదు.

పుట్టుక లాటిన్‌లో. ‘నుల్లుస్’ అంటే ఏదీ కానిది, ‘ఇబి’ అంటే అక్కడ. రెండూ కలిస్తే నల్లిబి, ఎక్కడా కాదు. తోకను ‘యుబిక్విటస్’ నుంచి తెచ్చి అతికించారు. యుబిక్విటస్ అంటే సర్వవ్యాపి. సింహాచలాన్ని పక్కనే పెట్టుకున్న మనకు, స్తంభంలోంచి వచ్చిన స్వామి కథ విన్న మనకు, దాన్ని వివరించాలా?

నల్లిబికి మరో సంతానం ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ మనసుకు పొడవు వెడల్పులు లేవన్నాడు. అలాగయితే ఆత్మ ఎక్కడున్నట్టు అని కేంబ్రిడ్జిలో తత్వవేత్త హెన్రీ మోర్‌ నిలదీశాడు. ఎక్కడా లేనిది అసలు లేనట్టేనని ఆయన వాదన. 1671లో అచ్చయిన లాటిన్ గ్రంథంలో ఆత్మ ఎక్కడా ఉండదనే పక్షంవారికి ‘నల్లిబిస్టులు’ అని పేరు పెట్టాడు. తిట్టే అనుకోండి.

మన తార్కికులు అంత తొందరపడరు. అన్నంభట్టు తర్కసంగ్రహంలో లేకపోవడాన్నే నాలుగు రకాలుగా విడదీశాడు. చేయకముందు కుండ లేదు, అది ప్రాగభావం. పగిలాక లేదు, అది ప్రధ్వంసాభావం. మిగతా రెండింటి జోలికి ఇప్పుడు వెళ్లను. మన విశాఖపట్నానికి పేరిచ్చిందని చెప్పుకొనే వైశాఖేశ్వరుడి గుడినే చూడండి. సముద్రం మింగేసిందని పెద్దల మాట. రామకృష్ణా బీచ్‌లో నిలబడి ఎంత చూసినా రాయి కూడా కనిపించదు. ఊళ్లోకి వచ్చే ప్రతి బస్సు నుదుటి మీదా మాత్రం ఆ పేరే. నల్లిబిక్విటస్ అందామా, యుబిక్విటస్ అందామా? నేనైతే ప్రధ్వంసాభావం దగ్గర ఆగిపోతాను.

ఇక దీన్ని తెలుగు చేయడం. ‘ఎక్కడలేని’ అంటే సరిపోతుందనుకున్నాను, అక్షరాలా అదే కదా. కానీ వాడి చూడండి. సాయంత్రం బీచ్ రోడ్డంతా నడిచి వచ్చాక, బండి దగ్గర ముంత మసాలా కలుపుతున్న చప్పుడు వింటే ‘ఎక్కడలేని ఆకలి’ వేస్తుంది. ఆ ఆకలి ఎక్కడా లేనిదా? కడుపునిండా ఉంది! అందుకని నా పుస్తకంలో ‘ఏ చోటా ఉండని’ అని రాసి, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. ఇంతకంటే మంచి మాట తోస్తే చెప్పండి, ఆ గుర్తు కొట్టేస్తాను.