గాలానికి పడ్డ స్టీల్‌హెడ్ ఒడ్డుకి రాకుండా ఎందుకు ఊడిపోతోంది?

(తెర మీద: అరచేతిలో తెగిన లైన్ చివర. కెమెరా బాగా దగ్గరగా.)

చేప ఊడిపోయింది. పక్కన గాలం వేస్తున్నాయన "అబ్బ, పెద్దదే పడిందండీ" అని ఇంకాస్త కారం చల్లాడు. మీరు గబగబా కొత్త గాలం కట్టి మళ్లీ నీళ్లలోకి విసరబోతున్నారు. ఆగండి. ముందు ఆ లైన్ చివర చూడండి, జరిగిందేమిటో సగం అక్కడే తెలుస్తుంది.

చివర స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటే ముడి జారింది. ముడి బిగించే ముందు తడి చేయలేదన్నమాట. పొడిగా లాగితే రాపిడికి వేడి పుట్టి లైన్ అక్కడే బలహీనపడుతుంది. ఉమ్మి తడి చాలు. చివరి అడుగున్నర వేళ్ల మధ్య గరుకుగా తగిలిందా, రాయికి రాసుకుంది. అలాంటి లైన్‌ని దాచుకోవద్దు, అంతవరకూ కోసి పారేయండి. లైన్ నున్నగా ఉండి పుటుక్కున తెగితే డ్రాగ్ (చేప లాగితే లైన్‌ని ఆపి ఆపి వదిలే రీల్ బ్రేకు) మరీ బిగించేశారు. గాలం వెనక్కొచ్చింది గానీ వంపు విచ్చుకుపోయిందంటే, సన్న తీగ గాలంతో మోటుగా లాగారు.

అన్నీ బాగానే ఉన్నాయి, గాలం చెక్కుచెదరలేదు, చేప మాత్రం లేదు. ఎక్కువసార్లు జరిగేది ఇదే. ఈ వీడియో ముఖ్యంగా దాని గురించే.

(తెర మీద: మంచు కప్పిన కొండల కింద స్కైకోమిష్ నది. వీడియో పేరు పడుతుంది.)

సియాటిల్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు బోలెడంతమంది ఉన్నారు కదా. వాళ్లలో గాలం సరదా ఉన్నవాళ్లు మొదట చెరువు ట్రౌట్‌తో మొదలుపెట్టి, సాల్మన్ పట్టి, చివరికి స్టీల్‌హెడ్ దగ్గరికొస్తారు. ఏడుపు ఇక్కడ మొదలవుతుంది.

స్టీల్‌హెడ్ అంటే సముద్రానికి వెళ్లొచ్చిన రెయిన్‌బో ట్రౌటే. రెండిటి శాస్త్రీయ నామమూ ఒకటే, ఓంకోరింకస్ మైకిస్. ఏట్లో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఏరెక్కుతుంది, గోదావరికి ఎదురెక్కే మన పులసలాగా. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. స్టీల్‌హెడ్‌లో కొన్ని మాత్రం బతికి, సముద్రానికి తిరిగిపోయి, ఇంకోసారి కూడా వస్తాయి. 1969 నుంచి ఇది వాషింగ్టన్ రాష్ట్ర చేప. మామూలుగా 6 నుంచి 12 పౌండ్లు తూగుతుంది, 20 దాటిందంటే ఊరంతా చెప్పుకుంటారు. పరిగెడుతుంది, ఎగురుతుంది, తల విదిలిస్తుంది, ఒక్కోసారి మీ మీదికే దూసుకొస్తుంది.

(తెర మీద: రెండు గాలాలు పక్కపక్కన, ఒకదానికి ముల్లు ఉంది, ఇంకోదానికి లేదు.)

దీనికి తోడు ఈ నదుల్లో చాలాచోట్ల ముల్లు లేని గాలమే వాడాలని రూలు. మొన వెనక ఉండే ఈ బుల్లి ముల్లు ఉంటే లైన్ కాస్త వదులైనా గాలం వెనక్కి జారదు. అది లేనప్పుడు పట్టంతా లైన్ బిగువు మీదే ఆధారపడుతుంది. అందుకే "లైన్ ఎప్పుడూ టైట్‌గా ఉంచండి" అని ప్రతివాళ్లూ చెబుతారు. మంచి మాటే. కానీ ఎటు వైపు నుంచి టైట్‌గా లాగుతున్నారో ఎవరూ చెప్పరు. నన్నడిగితే ఊడిపోయే చేపల్లో చాలావాటి గురించి ముందు అడగాల్సిన ప్రశ్న, చేప పడినప్పుడు మీరెక్కడ నిలబడ్డారు?

(తెర మీద: కాగితం మీద గీసిన నది. ఎడమ నుంచి కుడికి బాణం. చేప బొమ్మ ఎడమకి తిరిగి ఉంది.)

నది మీకు ఎడమ నుంచి కుడికి పారుతోందనుకోండి. చేప ప్రవాహానికి ఎదురుగా, ఎగువకి మూతి పెట్టి నిలబడుతుంది. మీరు దానికి ఎగువన ఉండి రాడ్‌ని పైకెత్తారు. గాలం ఎటు పోతుంది? నోట్లోంచి ముందుకి, బయటికి. అదృష్టం ఉంటే మూతి చివర పల్చటి చర్మానికి తగులుకుంటుంది. నాలుగు విదిలింపులకి ఆ చిల్లు సాగి చీలికవుతుంది, గాలం జారిపోతుంది. మీరు మాత్రం "బాగానే పడిందే, ఎలా ఊడింది?" అనుకుంటూ ఉంటారు. పడటమే బాగా పడలేదు.

ఇప్పుడు బొమ్మలో మిమ్మల్ని చేపకి ఎదురుగా, వీలైతే ఓ రెండడుగులు దిగువకి జరుపుదాం. రాడ్ ఆకాశంలోకి వద్దు. నీళ్లకి దగ్గరగా, దిగువ వైపుకి, ఒడ్డు వైపుకి ఊడ్చినట్టు లాగండి. గాలం నోట్లో అడ్డంగా జారి దవడ మూలకి పోయి దిగుతుంది. అంతకంటే గట్టి పట్టు ఇంకెక్కడా దొరకదు.

బెండు కట్టి ఆడేవాళ్లు ఇది ఇంకా జాగ్రత్తగా వినాలి. బెండు మీ ముందు నుంచి దాటి, దిగువకి 60, 70 అడుగులు కొట్టుకుపోయాక మునిగిందంటే, మీరు చేపకి పూర్తిగా ఎగువన ఉన్నట్టే. అక్కడ రాడ్‌ని నిటారుగా ఎత్తకుండా ఒడ్డు వైపుకి పక్కకి లాగండి. ఇంకో చిక్కు, నీళ్ల మీద లైన్ విల్లులా వంగి ఉంటుంది. మీరు లాగిన మొదటి మూడు నాలుగు అడుగులూ ఆ వంపు తీయడానికే ఖర్చవుతాయి, గాలానికేమీ చేరదు. కాబట్టి బెండు పోతున్నంతసేపూ వెనక లైన్‌ని ఎత్తి ఎగువకి వేస్తూ ఉండండి. రీల్ మీద బ్రెయిడ్ (పోగులు అల్లి చేసిన లైన్) ఉంటే సులువు, అది నీళ్ల మీద తేలుతుంది.

(తెర మీద: బొటనవేలి గోరు మీద గాలం మొన.)

మొన సంగతి రెండు ముక్కల్లో. గోరు మీద ఇలా ఆనించి మెల్లగా లాగండి. గుచ్చుకుని ఆగితే పదునుంది, గీత గీసుకుంటూ జారిపోతే మార్చేయండి. రాళ్ల నదిలో గాలం అడుగుకి తగిలిన ప్రతిసారీ మొన కొంత అరుగుతుంది. స్పూన్ (చెంచాలా వంగి మెరిసే లోహపు ఎర) వాడేవాళ్లు మూడు కొక్కేల గాలం తీసేసి ఒంటి గాలం పెట్టుకోండి. స్పూన్‌కీ గాలానికీ మధ్య చిన్న స్వివెల్ (ఎటైనా తిరిగే లింకు) ఉంటే, చేప తల విదిలించినప్పుడు స్పూన్ బరువు మీటలా పనిచేసి గాలాన్ని పెకలించకుండా ఉంటుంది.

ఇక డ్రాగ్.

(తెర మీద: రాడ్ గైడ్ల (రాడ్ పొడవునా ఉండే రింగుల) గుండా లైన్, దాని కొసన సూట్‌కేసులు తూచే చిన్న కాటా.)

ఈ కాటా మీ ఇంట్లో కచ్చితంగా ఉంటుంది. ఇండియా ప్రయాణానికి ముందు రోజు రాత్రి 50 పౌండ్లు దాటిందా లేదా అని ఆవకాయ సీసాలు తీసి పెట్టి, పెట్టి తీసే కాటా. లైన్ కొసని దీనికి కట్టి, రాడ్ వంచి, రీల్ ఎంత బరువుకి లైన్ వదులుతోందో చూడండి. లీడర్ (గాలానికి కట్టే చివరి లైన్ ముక్క) 10 పౌండ్లదైతే సుమారు 3 పౌండ్లకి వదలాలి. వేళ్లతో లాగి "సరిపోద్దిలే" అనుకోవడం వేరు, తూచి చూడటం వేరు.

3 పౌండ్లకే ఎందుకు అంటే, నదిలో ఆ 3 పౌండ్లు 3గా ఉండవు. చేప లైన్ లాక్కుపోతుంటే స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టి ఉండే ఉండ) మీద చుట్టలు తగ్గుతాయి, వ్యాసార్థం చిన్నదవుతుంది. డ్రాగ్ నట్టు మీరు ముట్టుకోకపోయినా లైన్ లాగడానికి కావలసిన బలం పెరుగుతుంది. వ్యాసార్థం సగానికి పడితే ఆ బలం రెట్టింపు. దాని మీద నీళ్లలో ఉన్న పొడవాటి లైన్‌ని ప్రవాహం నెట్టే బరువు, వంగిన రాడ్ గైడ్ల దగ్గర రాపిడి. మనవాళ్లేం చేస్తారంటే, చేప దూరం పోతోందని కంగారుపడి సరిగ్గా అప్పుడే నట్టు బిగిస్తారు. టప్! దూరం పోయే చేపకి డ్రాగ్ వదులు చేయాలి, కనీసం అలాగే వదిలేయాలి.

ఎగిరినప్పుడు సంగతేంటి? ఆ ఒక్క క్షణం రాడ్ కొసని చేప వైపుకి దించండి. నీళ్ల ఆసరా లేకుండా గాల్లో అది తల విదిలిస్తే, బిగిసిన లైన్ మీద దెబ్బ నేరుగా పడుతుంది. పైగా తిరిగి పడేటప్పుడు దాని ఒళ్లు లైన్ మీదే పడచ్చు. నీళ్లలో పడగానే లైన్ మళ్లీ బిగించేయాలి. మీ మీదికే దూసుకొచ్చినప్పుడు మాత్రం మొహమాటం లేదు, చేతనైనంత వేగంగా రీల్ తిప్పండి. చాలకపోతే రీల్ తిప్పుతూనే వెనక్కి నడవండి.

(తెర మీద: మళ్లీ కాగితం నది. ఇప్పుడు చేప దిగువన, వేగం నీళ్లలో ఉంది.)

ఇప్పుడు అసలైన కష్టం. చేప మలుపు దాటి దిగువ వడిలోకి దిగిపోయింది. మీరు ఎగువన బండరాయి మీద నిలబడి దాన్ని వెనక్కి లాక్కురావాలనుకుంటున్నారు. కుదరదు. నీటి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. మీరు లాగేది 8 పౌండ్ల చేపని కాదు, చేపతో పాటు నదిని. గాలం ఉన్న చిల్లు నిమిషనిమిషానికీ సాగుతుంది. మీరు అక్కడ అలా పట్టుకుని ఉంటే, చేప ఏమీ చేయకుండా ప్రవాహంలో ఊరికే ఉన్నా గెలుస్తుంది.

నడవాలి. లైన్ చుట్టుకుంటూ దిగువకి నడిచి, చేపకి ఎదురుగా గానీ దానికి దిగువన గానీ చేరాలి. అప్పుడు మీ లాగుడుతో పాటు ప్రవాహంతో కూడా అది పోరాడాలి. రాడ్ పక్కకి వాల్చి, అది ఎటు పోతే దానికి వ్యతిరేక దిక్కుకి లాగండి. ఎడమకి పోతే కుడికి. నిటారుగా లాగితే చేప నీటి పైకొచ్చి తపతపలాడుతుంది, లైన్ చుట్టుకుంటుంది. పైకొచ్చి దొర్లుతోందంటే రాడ్ కొస కిందికి దించి కాసేపు లోతుకి పోనివ్వండి.

అన్నిచోట్లా నడవలేం, ఒప్పుకుంటాను. గోల్డ్ బార్ ఊరి దగ్గర రైటర్ పాండ్స్ అనే చోట ఒడ్డంతా బండలే. అందుకే అక్కడ గాలం వేయకముందే, చేప పడితే ఎటు దిగాలి, ఎక్కడ వల పెట్టాలి అని ఒడ్డు చూసుకోవాలి. దారి లేని చోట చేప వడిలోకి దిగితే అది పోయిన చేపే. దానికోసం నడుములోతు వడిలోకి దిగకండి. వేడర్స్ (నీళ్లలో దిగడానికి వేసుకునే తడవని ప్యాంటు) మీద బెల్టు లేకుండా అసలే దిగకండి.

(తెర మీద: ఒడ్డుకి దగ్గరగా వెండిలా మెరిసే చేప. పక్కన రబ్బరు వల.)

చివరి 10 అడుగులు. చేప మీ కాళ్లని చూసింది, వలని చూసింది, ఇంకోసారి పరిగెడుతుంది. నది మధ్యలో ఉన్నప్పుడు 60 అడుగుల లైన్ కొంత సాగి దెబ్బని ఓర్చుకుంది. ఇక్కడ అంత లైన్ లేదు. అందుకే డ్రాగ్ ఓ పిసరు వదులు చేసి, రాడ్ పొడవంత లైన్ బయటే ఉంచండి. బెండు గైడ్‌కి కొట్టుకునేదాకా చుట్టేయకండి.

వల పట్టినాయన మీ స్నేహితుడైతే ఆయనకి ముందే చెప్పండి: "అన్నా, చేప వెంట పరిగెత్తకు, వల నీళ్లలో పెట్టి కదలకుండా ఉండు, నేనే తెస్తా." తోక వైపు నుంచి వల తగిలితే అది ముందుకి ఉరుకుతుంది. తల ముందుగా వల మీదికి రావాలి, అప్పుడు ఎత్తాలి. లైన్ చేత్తో పట్టుకుని లాగడం మాత్రం ఎవరు చేసినా ఒప్పుకోకండి, రాడ్ వంగడం వల్ల ఉన్న కాస్త మెత్తదనమూ ఆ చేత్తో పోతుంది.

ఇప్పుడు వీపు చూడండి. పెద్ద రెక్కకీ తోకకీ మధ్య ఉండే చిన్న కండ రెక్క కోసేసి, అక్కడ మానిన మచ్చ ఉంటే అది హేచరీ చేప, అంటే పెంపక కేంద్రంలో పొదిగించి వదిలింది. ఆ రోజు రూలు ఒప్పుకుంటే, క్యాచ్ కార్డులో రాసుకుని ఇంటికి తీసుకుపోవచ్చు. ఆ రెక్క చెక్కుచెదరకుండా ఉంటే అది నదిలో పుట్టిన చేప. ప్యూజెట్ సౌండ్ నదుల స్టీల్‌హెడ్ 2007 నుంచి ఫెడరల్ చట్టం కింద ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. వదిలేయాల్సిన స్టీల్‌హెడ్‌ని నీళ్లలోంచి పూర్తిగా బయటికి తీయడం వాషింగ్టన్‌లో నేరం, ఫొటోకైనా సరే. రూల్స్ సీజన్ మధ్యలో కూడా మారతాయి, బయల్దేరే ముందు రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖ సైటు ఒకసారి చూసుకోండి.

అది వదిలేయాల్సిన చేపైతే వల కూడా అక్కర్లేదు. మోకాలిలోతు నిలకడ నీళ్లలోకి తెచ్చి, రాడ్ దించి, లైన్ వదులు చేయండి. ముల్లు లేని గాలం చాలాసార్లు దానంతట అదే ఊడొస్తుంది.