అమ్మను కూర్చోబెట్టేయకండి

పెద్దలందరికీ నమస్కారం. వాళ్లను వెంటబెట్టుకుని వచ్చిన కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు కూడా కాస్త ముందుకొచ్చి కూర్చోండి. ఈ రోజు నేను చెప్పేదాంట్లో సగం మీకే.

ఫిజియోథెరపీకి వచ్చిన ప్రతి పెద్దావిడనీ, పెద్దాయననీ నేను ఒక మాట అడుగుతాను: ఈ మధ్య ఏ పని మానేశారు? గుడికి వెళ్లడం మానేశానంటారు. డాబా మీద బట్టలు ఆరేయడం, రైతు బజారుకు నడిచి వెళ్లడం... ఎందుకంటే, 'పడిపోతానేమోనని భయం' అంటారు. వీళ్లలో ఇంతవరకు ఒక్కసారి కూడా పడనివాళ్లు ఉంటారు. పక్కింటావిడకు తుంటి ఎముక విరిగిందని విన్నారు, అంతే.

ఆ భయాన్ని కొట్టిపారేయకండి. 65 ఏళ్లు దాటినవాళ్లలో ఏటా సుమారు మూడోవంతు మంది పడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, అన్ని వయసులవాళ్లూ కలిపి, పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. కాబట్టి 'ఊరికే టెన్షన్ పడతావు' అని అమ్మను కసరడం అన్యాయం.

అయితే భయం పట్టుకున్నాక నడక మారిపోతుంది. ఒళ్లు బిగబట్టి, చూపు పాదాల మీదే పెట్టి, అడుగులు ఈడుస్తూ నడుస్తారు. అప్పుడు గడప తగిలితే తమాయించుకోవడం మరీ కష్టం. కొన్నాళ్లకు నడవడమే తగ్గించేస్తారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను 10 రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అమెరికా పరిశోధనలో, వాళ్ల కాళ్లలో దాదాపు కిలో కండ తగ్గిపోయింది. పది రోజులకే అంత! నెలల తరబడి సోఫా దిగని అమ్మ తొడల్లో బలం ఎక్కడ మిగులుతుంది?

చాలా ఇళ్లలో పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. ఇంట్లో కెమెరా పెట్టిస్తారు. అమ్మ వంటింటి వైపు కదలగానే ఫోన్: 'ఎందుకమ్మా లేచావు? పనమ్మాయి వస్తుంది కదా!' ఆ మాటలో ఉన్నదంతా ప్రేమే, నాకు తెలుసు. కానీ రోజూ అదే వింటున్న మనిషికి తన కాళ్ల మీద నమ్మకం పోతుంది. 1990లో మేరీ టినెట్టి అనే అమెరికా వైద్యురాలి బృందం ఈ భయాన్ని కొలవడానికి ఒక పద్ధతి తయారుచేసింది. స్నానం, బట్టలు మార్చుకోవడం లాంటి పది పనులు చెప్పి, పడకుండా చేసుకోగలనన్న నమ్మకం ఎంత ఉందో అడుగుతారు. తన పనులు తను చేసుకుంటేనే ఆ నమ్మకం తిరిగి వస్తుంది. పక్కన నిలబడండి, పని మాత్రం ఆవిడనే చేయనివ్వండి.

న్యూజిలాండ్‌లోని ఒటాగోలో కాళ్ల బలానికి, నిలకడకు ఇంట్లోనే చేసుకునే వ్యాయామాలు రూపొందించారు. వాటితో పడటం దాదాపు మూడోవంతు తగ్గింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం లాంటివే అవి. తడి బాత్‌రూమ్, అరిగిన చెప్పుల సంగతి మీకు తెలిసిందే. లేవగానే కళ్లు తిరుగుతుంటే మాత్రం, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమని డాక్టరుగారిని అడగండి. నిద్రమాత్రలు, బీపీ మాత్రలు వాడుతున్నామనీ చెప్పండి. మీ అంతట మీరు ఆపేయకండి.

ఒంటరిగా ఉండేవాళ్లకు పడటం కంటే, పడితే లేవలేనేమోనన్న దిగులే ఎక్కువ. అందుకే ఇది నేర్చుకోండి. పడగానే లేవొద్దు. కాసేపు అలాగే ఉండి నొప్పి ఎక్కడో చూసుకోండి. తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉన్నా, కాలు కదలకపోయినా కదలొద్దు, కేకేసి ఎవరినైనా పిలవండి. బాగానే ఉందనిపిస్తే పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, మోకాళ్ల మీదకు రండి. పాకుతూ గట్టి కుర్చీ దాకా వెళ్లి, రెండు చేతులూ దాని మీద ఆనించి, బలమున్న కాలి పాదం నేల మీద పెట్టి లేచి, తిరిగి కూర్చోండి.

చాపలు తెచ్చాను, ఇప్పుడే చేసి చూద్దాం. ముందు పిల్లలు రండి. మోకాళ్లు అరిగినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు కిందకు దిగొద్దు, మీ కుర్చీల దగ్గరకే నేనొస్తాను.